డబ్బా రసం వద్దు బావు: మన పళ్ళతో ఇంట్లోనే కాక్‌టైల్ కలుపుకోవడం ఎలాగ

ప్యాకెట్ మామిడి జ్యూస్‌లో వోడ్కా పోసేసి, గ్లాసు అంచుకి ఓ నిమ్మచెక్క గుచ్చేసి "కాక్‌టైల్ బావా" అని ఇచ్చేవాడిని, మా బావ పాపం మొహమాటానికి తాగేసేవాడు. మాది విజయనగరం, బావది పలాస పక్కన, ఎండాకాలం వచ్చాడంటే ఒట్టి చేతుల్తో రాడు, సంచీలో జీడిమామిడి పళ్ళో కొబ్బరికాయలో ఏదోటి ఉంటుంది. ఓసారి ఆ సంచీ దింపుతూ అడిగేశాడు, "ఏట్రా, ఇంటినిండా పళ్ళెట్టుకుని ఆ డబ్బా రసం కలుపుతావేటి?" అని. సిగ్గేసింది. అప్పట్నుంచి డబ్బా మానేశాను, చాలా పళ్ళు పాడుచేశాను, ఓ చొక్కా కూడా పాడుచేశాను (అది తర్వాత చెప్తా), ఇప్పటికి కాస్త చెయ్యి కుదిరింది, అదే ఇక్కడ రాస్తున్నా.

ఒక్క ముక్క ముందే పట్టుకోండి, మిగతాదంతా దీనిమీదే నడుస్తుంది. మందు ఎప్పుడు కొన్నా ఒకేలా ఉంటుంది, మన దగ్గర దొరికే విస్కీ, రమ్ము, వోడ్కా చాలావాటిమీద 42.8 శాతం అనే రాసుంటుంది. పండు అలా కాదు, ఒకే చెట్టుది నిన్నటిది పులుపు, ఇవాళ్టిది తేనె. అందుకే రెసిపీలో "పంచదార పాకం 20 ఎంఎల్" అని రాసుంటే కళ్ళు మూసుకుని పోసేయకూడదు, ముందు పండు నోట్లో వేసుకుని చూడాలి, ఆ తర్వాతే సీసా మూత తియ్యాలి. నేను కింద రాసే కొలతలు కూడా అంతే, పులుపూ తీపీ మీ పండుని బట్టి సర్దుకోవాలి, మందు కొలత మాత్రం మార్చొద్దు.

సామాను: అన్నీ వంటింట్లోనే ఉన్నాయి

షేకర్ కొనక్కర్లేదు. గట్టిగా మూత పట్టే స్టీలు డబ్బా, లేదా వెడల్పు మూతి ఉన్న గాజు సీసా, కాఫీ పొడిదో హార్లిక్స్‌దో ఏదైనా చాలు, కాకపోతే ఆవకాయ పెట్టిన సీసా మాత్రం వద్దు, ఎన్నిసార్లు తోమినా మూతలో వాసన ఉండిపోతుంది, నా మొదటి జిన్ను ఆవకాయ జిన్ను అయ్యింది. పళ్ళు చిదపడానికి పప్పుగుత్తిని మించింది లేదు. మా అమ్మ చూసి "ఏటిరా, పప్పుగుత్తితో ఆ పళ్ళని అలగ కుమ్ముతున్నావు" అంది, తర్వాత నాకు వేరేది కొనిచ్చేసింది, అది పప్పులో పెట్టకూడదని షరతు. వడకట్టడానికి టీ జల్లెడ. కొలతకి పిల్లల సిరప్‌తో వచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పు ఉంటుంది కదా, 5, 10 గీతలు ఉంటాయి, దాన్ని బాగా కడిగి వాడండి. చేత్తో ఉజ్జాయింపుగా పోసేవాడు రెండో గ్లాసుకే కొలత తప్పిపోతాడు, ఇది నామీద నేను చేసిన పరిశోధన.

ఐస్ గురించి ఎవరూ చెప్పరు గానీ సగం పని దానిదే. ట్రేల్లో వచ్చే చిన్న ముక్కలు తొందరగా కరిగి గ్లాసంతా నీళ్ళ నీళ్ళు చేసేస్తాయి. స్టీలు గిన్నెల్లో కాచి చల్లార్చిన నీళ్ళు పోసి ముందురోజు రాత్రే ఫ్రీజర్లో పెట్టుకుంటే పెద్ద గడ్డ వస్తుంది, గుడ్డలో చుట్టి పప్పుగుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే పెద్దపెద్ద ముక్కలు అవుతాయి. చేపల మార్కెట్ పక్కన దొరికే బ్లాకు ఐసు తెచ్చి సీసాలు చల్లబెట్టుకోండి గానీ గ్లాసులో వెయ్యకండి, అది తాగడానికి చేసింది కాదు.

పాకం రెండు రకాలు చేసి పెట్టుకోండి. ఒకటి, గ్లాసు పంచదారకి గ్లాసు నీళ్ళు, కరిగేదాకా వేడిచేసి దింపెయ్యడమే, తీగపాకం రానివ్వకూడదు. రెండోది బెల్లం పాకం, అనకాపల్లి బెల్లం అయితే మరీ మంచిది, తరిగి సమానంగా నీళ్ళు పోసి కరిగించి, గుడ్డలో వడకట్టాలి, లేకపోతే గ్లాసు అడుగున ఇసక తగులుతుంది. తెల్ల మందులకి పంచదార, ముదురు రమ్ముకీ బ్రాందీకీ బెల్లం, అంతే లెక్క.

ఒక్క కొలత వస్తే పది డ్రింకులు వచ్చినట్టే

ఒక గ్లాసుకి మందు 45 ఎంఎల్, నిమ్మరసం 15 నుంచి 20, పాకం 10 నుంచి 20, పండు గుజ్జు లేదా రసం 60 నుంచి 90. ఇదే పునాది. మొదట పండు రుచి చూడండి. తర్వాత మందు తప్ప మిగతావి కలిపి మళ్ళీ రుచి చూడండి, ఈ దశలో అది మీకు కొంచెం ఎక్కువ పులుపూ కొంచెం ఎక్కువ తీపీ అనిపించాలి, ఎందుకంటే మందు పడ్డాక, ఐస్ కరిగాక రెండూ తగ్గుతాయి. ఇక్కడే సరిగ్గా ఉందనిపిస్తే చివర్లో చప్పగా వస్తుంది. చిటికెడు ఉప్పు వెయ్యండి, చేదునీ వగరునీ అణిచి పండు రుచిని పైకి తెస్తుంది, మనం జామకాయకి ఉప్పు రాసుకోవడం లాంటిదే. అప్పుడు మందు పోసి, డబ్బా నిండా ఐస్ వేసి, మూత గట్టిగా పట్టుకుని పన్నెండు పదిహేను సెకన్లు ఊపండి. స్టీలు డబ్బా అయితే చేతికి చురుక్కుమనేంత చల్లగా అవుతుంది, బయట చెమట పడుతుంది, అదే గుర్తు. వడకట్టి కొత్త ఐస్ మీద పొయ్యండి, ఊపిన ఐసే మళ్ళీ గ్లాసులో వెయ్యకండి, అది అప్పటికే అలిసిపోయింది.

నిమ్మకాయ పిండేటప్పుడు తొక్క నలిగిపోయేలా పిసకొద్దు, చేదు దిగుతుంది. రెండు కాయలకి 30 ఎంఎల్ దాకా వస్తుంది. ఏ పూట రసం ఆ పూటే.

సువర్ణరేఖ, తెల్ల రమ్ము

మన ఉత్తరాంధ్ర కాయ, ముచ్చిక దగ్గర ఎర్రగా సిగ్గుపడినట్టుంటుంది, సుందరి అని కూడా అంటారు. బంగినపల్లి తియ్యగా ఉంటుంది గానీ కాక్‌టైల్లో పెడితే వాసన ఎక్కడికో పోతుంది, సువర్ణరేఖ వాసన రమ్ములోంచి కూడా తన్నుకుంటూ వస్తుంది, అందుకే నా ఓటు దీనికే. గుజ్జు 60, తెల్ల రమ్ము 45, నిమ్మరసం 20, పాకం అస్సలు అక్కర్లేదేమో చూసుకుని వెయ్యండి. గుజ్జు మిక్సీలో వేసి టీ జల్లెడలో చెంచాతో రుద్దుతూ వడకట్టాలి, ఇది ఓపిక పని, పీచు ఉండిపోతే నోట్లో నూలు తగిలినట్టు ఉంటుంది. 

రమ్ము, నిమ్మ, పంచదార, ఈ మూడింటి కలయికకి డైకిరీ అని పేరు, క్యూబాలో శాంటియాగో పక్కన అదే పేరుతో ఉన్న ఊళ్ళో 1898 ప్రాంతంలో గనుల్లో పనిచేసే ఓ అమెరికా ఇంజినీరు కలిపాడని చెప్తారు. అంటే మనం చేసేది మామిడి డైకిరీ. ఈ మాట తెలిస్తే చాలు, సువర్ణరేఖ అయిపోయాక అనాసతోనో, బొప్పాయితోనో ఇదే కొలత నడిపెయ్యొచ్చు.

పండు కాకపోతే పచ్చికాయ. కలెక్టరు కాయ సగం పండినప్పుడు నాలుగు చెక్కలు కోసి, ఒక పచ్చిమిరపకాయ చీల్చి, ఉప్పు వేసి పప్పుగుత్తితో చిదిపి, వోడ్కా 45, పాకం 20 పోసి ఊపి వడకట్టండి. నిమ్మ అక్కర్లేదు, కాయ పులుపే చాలు.

నేరేడు, జిన్ను, ఒక ఖద్దరు చొక్కా

వానలు పడగానే గంటస్తంభం దగ్గర తట్టల్లో నేరేడు పళ్ళు దిగుతాయి, ఓ నెల రోజులు కనబడి మాయమైపోతాయి. పది పన్నెండు పళ్ళు తీసుకోండి, పెద్దవి. గింజ తియ్యాలని కష్టపడొద్దు, ఉప్పు చిటికెడు వేసి గిన్నెలో చేత్తోనే పిసికేస్తే గుజ్జు ఊడొచ్చేస్తుంది, జల్లెడలో రుద్దితే ముదురు ఊదారంగు రసం దిగుతుంది. అది 50 ఎంఎల్, జిన్ను 45, నిమ్మరసం 15, పాకం 15 నుంచి 20, నేరేడుకి వగరు ఎక్కువ కాబట్టి పాకం విషయంలో పిసినారితనం చెయ్యొద్దు. ఊపి గ్లాసులో పోశాక, పైన సోడా.

"పోశాక, పైన" అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, మొదటిసారి నేను సోడా కూడా సీసాలో పోసేసి, మూత బిగించి, డాబా మీద అందరూ చూస్తుండగా స్టైలుగా ఊపాను. మూడో ఊపుకి మూత ఎగిరిపోయింది. ఎదురుగా మా బావ, ఆరోజే పెట్టె విప్పిన పొందూరు ఖద్దరు చొక్కాలో, తెల్లటి తెలుపు. ఓ రెండు క్షణాలు ఎవరూ మాట్లాడలేదు. "ఓలమ్మో" అని మా అక్క కిందనుంచి వచ్చి, నిమ్మకాయ రుద్దింది, ఉప్పు రుద్దింది, ఎండలో వేసింది, అయినా జేబు దగ్గర అరచెయ్యంత మచ్చ ఇప్పటికీ ఉంది. బావ ఆ చొక్కా పారెయ్యలేదు, మా ఇంటికి మందుకి వచ్చినప్పుడల్లా అదే వేసుకొస్తాడు, "ఇంక దీనికి పోయేదేటుంది" అంటాడు. కాబట్టి సోడా, టానిక్ వాటర్, బుడగలొచ్చేది ఏదైనా సరే మూతేసి ఊపేదాంట్లో వెయ్యకూడదు, గ్లాసులోనే.

సీతంపేట అనాస, ఉద్దానం కొబ్బరి

సీతంపేట ఏజెన్సీ 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళిపోయింది గానీ అక్కడి అనాస మాత్రం మన బజార్లకి ఎప్పట్లాగే వస్తోంది. సైజు చూసి తక్కువ అంచనా వెయ్యకండి. కొనేటప్పుడు అడుగు భాగం ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి, తియ్యటి వాసన రాకపోతే రెండు రోజులు ఇంట్లో ఉంచినా పెద్దగా తియ్యబడదు, అనాస కోశాక తీపెక్కే పండు కాదు.

దీనికి జోడీ కొబ్బరి. మా బావ వాళ్ళ వైపున్న ఉద్దానం కొబ్బరి గురించి మనకి చెప్పక్కర్లేదు, 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఆ తోటలు ఎలా పడిపోయాయో చూసినవాళ్ళం, మా బావ వాళ్ళవీ పోయాయి, మళ్ళీ వేసిన మొక్కలు కాపుకి రావడానికి ఏళ్ళు పట్టింది. అందుకేనేమో ఆ సంచీలో కొబ్బరికాయ కనబడితే ఇప్పుడు కాస్త జాగ్రత్తగా వాడతాను.

స్టెప్పులు చెప్తా. ఒక కాయ కోరండి, అరగ్లాసు గోరువెచ్చటి నీళ్ళు పోసి మిక్సీలో తిప్పి, పల్చటి గుడ్డలో పిండండి, ఆ మొదటి పాలే కావాలి, రెండోసారి తీసినవి కూరకి ఇచ్చేయండి. అనాస ముక్కలు నీళ్ళు పొయ్యకుండా మిక్సీలో వేసి వడకట్టండి. ఇప్పుడు అనాస రసం 75, కొబ్బరి పాలు 45, తెల్ల రమ్ము 45, పాకం 15 నుంచి 20, నిమ్మరసం ఓ చెంచా. తాజా కొబ్బరి పాలలో తీపి ఉండదు, ఇంటర్నెట్‌లో రెసిపీలన్నీ డబ్బాలో వచ్చే తియ్యటి కొబ్బరి క్రీముకి రాసినవి, అవి చూసి పాకం మానేస్తే చప్పటి పాలు తాగినట్టుంటుంది, నేను అలా రెండుసార్లు దెబ్బతిన్నా. గట్టిగా ఊపండి, అనాస రసానికి ఊపితే నురగ పట్టే గుణం ఉంది, పైన రెండు వేళ్ళ మందం తెల్లగా నిలబడుతుంది. కలిపి పక్కన పెట్టొద్దు, పులుపుకి కొబ్బరి పాలు విడిపోతాయి, వెంటనే తాగెయ్యాలి.

ఇదే పీనా కొలాడా. ఆ పేరుకి స్పానిష్‌లో అర్థం వడకట్టిన అనాస అనే, ప్యూర్టో రికో వాళ్ళు 1978లో దీన్ని తమ జాతీయ పానీయంగా ప్రకటించుకున్నారు. సముద్రం, కొబ్బరి, అనాస వాళ్ళకీ ఉన్నాయి మనకీ ఉన్నాయి, ప్రకటించుకోలేదు అంతే తేడా.

జామకాయ ఉప్పుకారం

చలికాలానికి నా ఫేవరెట్, పైగా కాక్‌టైల్ అంటే మొహం చిట్లించే పెద్దవాళ్ళకి కూడా నచ్చేది ఇదే. లోపల గులాబీ రంగుండే జామపళ్ళు రెండు, బాగా పండినవి, గ్లాసు నీళ్ళతో మిక్సీలో ఓ తిప్పు తిప్పండి, ఎక్కువ తిప్పితే గింజలు నలిగి మట్టి రుచి వస్తుంది. వడకట్టిన రసం 100, వోడ్కా 45, నిమ్మరసం 15, చీల్చిన పచ్చిమిరపకాయ ఒకటి. గ్లాసు అంచుకి నిమ్మచెక్క రాసి, ఉప్పూ కారం కలిపిన పళ్ళెంలో బోర్లించండి. అంచంతా కాకుండా సగం అంచుకే పెట్టండి, కారం వద్దనుకున్నవాడు అవతలివైపు నుంచి తాగుతాడు.

జీడిమామిడి పండు: కష్టం ఎక్కువ, కానీ

గింజ తీసుకుని పండు పారేస్తాం కదా, గోవాలో ఆ పండుతోనే ఫెనీ అనే మందు కాచి 2009లో జీఐ, అంటే ఆ ప్రాంతం సరుకే అనే గుర్తింపు కూడా తెచ్చుకున్నారు. మనం కాచొద్దు, ఇంట్లో సారా కాచడం నేరం, రసం తీసుకుందాం చాలు. ముందు గింజని మెలిపెట్టి తీసేయండి, దాని పెంకు జోలికి పోవద్దు, అందులో నూనె చర్మాన్ని కాలుస్తుంది. పండు ముక్కలు కోసి ఉప్పునీళ్ళలో పదిహేను నిమిషాలు ఉంచి, గుడ్డలో పిండండి. ఆ రసం అలాగే తాగితే గొంతు పట్టేస్తుంది. చల్లారిన అన్నం గంజి రెండు చెంచాలు వేసి కలిపి, కదపకుండా ఫ్రిజ్‌లో పెడితే వగరంతా అడుగుకి పేరుకుంటుంది, పైన తేట మాత్రం వంపుకోవాలి. ఆ తేట 75, జిన్ను 45, నిమ్మ 15, పాకం 10. చొక్కా జాగ్రత్త, ఈ మరక కూడా పోదు.

మిగతావి గబగబా చెప్పేస్తా. బత్తాయి అయితే బ్రాందీతో, రసం 60, బ్రాందీ 45, నిమ్మ 10, బెల్లం పాకం 10, కానీ రసం పిండిన వెంటనే కలిపెయ్యాలి, పొద్దున్న పిండి సాయంత్రానికి ఉంచితే చేదెక్కుతుంది. పుచ్చకాయకి వోడ్కా, పాకం వద్దు, నిమ్మా ఉప్పూ పుదీనా చాలు. సీతాఫలం గుజ్జు, చల్లటి పాలు, ముదురు రమ్ము కలిపితే మిల్క్‌షేకులా ఉంటుంది, దీంట్లో మాత్రం నిమ్మ పిండొద్దు, పాలు విరిగిపోతాయి, గింజలు ఒక్కటి కూడా మిక్సీలో పడకూడదు, అవి విషం. కల్లుతో కూడా చేసి చూశాను, దానికి పండు అక్కర్లేదు, చెట్టు కిందే బాగుంటుంది. నాటుసారా అసలు ఈ లెక్కలోకే తేవద్దు, అందులో ఎంత ఘాటుందో, ఏం కలిసిందో ఎవరికీ తెలీదు, పండు రసం వేస్తే ఆ ప్రమాదం పోదు, కనబడకుండా పోతుంది అంతే.

పండు తీపికి మందు ఘాటు తెలీదు, మామూలుగా రెండు పెగ్గులకి ఆపేవాడు కూడా నాలుగు గ్లాసులు లాగేసి లేచినప్పుడు కనిపెడతాడు. అందుకే నేను గ్లాసుకి 45 దాటను, మనిషికి రెండు గ్లాసులు, మధ్యలో మంచినీళ్ళు, బండి తాళాలు మా అమ్మ దగ్గర. షుగరు మాత్రలు, నిద్రమాత్రలు వేసుకునేవాళ్ళకి, 21 దాటని కుర్రాళ్ళకి మందు లేకుండా అదే డ్రింకు. నేరేడు సోడా మందు లేకుండా కూడా అద్భుతంగా ఉంటుంది, మా అమ్మ అదే తాగుతుంది.

పదిమంది వస్తే: పంచ్

మా విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను పండగకి చుట్టాలు దిగిపోతారు, పండగ రోజు ఎలాగూ ముట్టం, మర్నాడు సాయంత్రం డాబా నిండిపోతుంది. ఒక్కొక్కరికీ డబ్బా ఊపుతూ కూర్చుంటే మనకి తాగే టైముండదు, అప్పుడు పంచే దారి. ఈ పంచ్ అనే మాట మన "పంచ" నుంచే వెళ్ళిందని చాలామంది అంటారు, సారా, పంచదార, నిమ్మ, నీళ్ళు, మసాలా, ఐదు దినుసులు. 1632 నాటికే మన దేశంలో ఉన్న ఈస్టిండియా కంపెనీ వాళ్ళ ఉత్తరాల్లో ఆ మాట కనబడుతుంది.

పాత లెక్క ఒకటుంది, ఒక వంతు పులుపు, రెండు తీపి, మూడు ఘాటు, నాలుగు పల్చన. రెండు వంతుల తీపి నాకు మరీ ఎక్కువనిపించి సగం పాకం తీసి అనాస రసం పెట్టాను. లీటరుకి, నిమ్మరసం 100, బెల్లం పాకం 100, అనాస రసం 200, ముదురు రమ్ము 300, చల్లార్చిన పాలు లేని టీ డికాషన్ 300, పైన జాజికాయ రెండు గీకులు. దీంతో ఎనిమిది గ్లాసులు, గ్లాసుకి రమ్ము 37 ఎంఎల్ దాకా పడుతుంది, లెక్క తెలిసే ఉంటుంది కాబట్టి భయం లేదు. మధ్యాహ్నమే స్టీలు బిందెలో కలిపి ఫ్రిజ్‌లో పెట్టేయండి, బిందె పట్టకపోతే సీసాల్లోకి వంపుకోండి. ఇచ్చే ముందు గిన్నెలో కట్టిన ఐస్ గడ్డని పగలగొట్టకుండా అలాగే దించేయండి, తొందరగా కరగదు. ఆ గడ్డ మాత్రం ముందురోజు రాత్రే పెట్టుకోవాలి, పండగ సాయంత్రం మా వీధిలో కరెంటు ఉంటుందని నేను హామీ ఇవ్వలేను.